ఇరవై రెండు తాళాలు

కారిడార్ వస్తోందన్న మాట ఖరగ్‌పూర్‌లో మూడేళ్ళుగా నలుగుతోంది. ఓడరేవుల్లో దిగిన సరుకు రైలెక్కి, లారీలెక్కి, ఎక్కడా ఆగకుండా బంగ్లాదేశ్ సరిహద్దు దాటిపోవాలట. అందుకని ఉన్న పట్టాల పక్కన మరో రెండు లైన్లు వేస్తారు, వాటి పక్కన రోడ్డు వెడల్పు చేస్తారు, రైలుగేటు తీసేసి పైవంతెన కడతారు. గోల్‌బజార్‌లో చేపలమ్మే వాళ్ళ దగ్గర్నుంచి బడిపంతుళ్ళ దాకా ఊళ్ళో అందరూ ఇంజనీర్లయిపోయారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వంతెన ఏ పక్క దిగుతుందో తేలకముందే దాని కింద టీకొట్టు ఎవరిదన్న తగువు కూడా ఒకటి నడిచింది.

అంత పెద్ద పథకంలో పాత గ్యాంగ్ లైను అనే వాడ మ్యాపు మీద చిటికెనవేలి గోరంత. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కుకి పోయే రోడ్డుకీ రైలుకట్టకీ మధ్య ఇరవై మూడు రేకుల ఇళ్ళు. అన్నీ తెలుగు కొంపలే. తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పట్టాల పనికి వచ్చిన వాళ్ళ సంతానం. ఉద్యోగం ఉన్నంతకాలం క్వార్టర్లలో ఉన్నారు, రిటైరయ్యాక రైల్వే జాగాలోనే నాలుగు రేకులు కప్పుకున్నారు. కాగితాల ప్రకారం అక్కడ ఎవరూ లేరు. లేనట్టు ఉండడం కూడా ఒక విద్యే, ఆ విద్యకి గురువు జగ్గారావు.

జగ్గారావు ఉద్యోగంలో లుకౌట్ మనిషి. గ్యాంగు వాళ్ళు పట్టాల మీద వంగి పనిచేస్తుంటే, కాస్త దూరంగా నిలబడి రైలు కనపడగానే విజిల్ ఊదడం అతని పని. ఇరవై ఎనిమిదేళ్ళు ఊదాడు. పక్క గ్యాంగులో ఇద్దరు రైలు కింద పడ్డారు గానీ, అతని గ్యాంగులో ఒక్కడికి గోరు కూడా చితకలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. రిటైరైన తర్వాత అదే విజిల్‌తో గ్యాంగ్ లైనుని కాశాడు. వర్క్స్ ఇన్‌స్పెక్టరు జీపు మలుపు తిరిగిందంటే ఒక్క పొడుగు ఊదు. వెంటనే అందరూ ఇళ్ళకి తాళాలు వేసేసి, పిల్లల్ని చంకనేసుకుని కట్ట అవతలికి పోయేవాళ్ళు. తాళం వేసిన ఇంట్లో ఖాళీ చేయమన్న నోటీసు ఎవరి చేతిలో పెడతారు?

అందరూ పట్టాలు దిగాక చివర దిగేవాడు లుకౌట్ మనిషి. కాబట్టి జగ్గారావు మాత్రం ఎటూ పోకుండా తన ఇంటి గుమ్మంలో స్టూలు మీద కూర్చునేవాడు. వచ్చిన వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, ఇవి సామాను పెట్టుకునే గదులు, తను కాపలా మనిషి, ఇక్కడ ఎవరూ కాపురం ఉండరు అని సగం హిందీలో, సగం బెంగాలీలో చెప్పేవాడు. వాళ్ళు తాళాలకి ఫొటోలు తీసుకుని పోయేవాళ్ళు. పదకొండేళ్ళు ఈ నాటకం ఒక్కసారి కూడా తప్పకుండా రక్తి కట్టింది. అదే కొంప ముంచింది.

ఫిబ్రవరి నెలలో ఒక గురువారం పొద్దున్న ఆ జీపే వచ్చింది. వెనక ఇంకో బండిలో నారింజరంగు కోట్లు తొడుక్కున్న నలుగురు కుర్రాళ్ళు, టేపు, టాబ్లెట్లు. కారిడార్ కోసం కొలిచేవాళ్ళు వస్తారని మైకు బండి బెంగాలీలో చెప్పుకుంటూ పోయిన మాట నిజమే. కానీ గ్యాంగ్ లైనులో కొలవడమంటే కూల్చడమే. జగ్గారావు ఊదాడు. ఇరవై రెండు తాళాలు పడ్డాయి. అతను ఎప్పటిలాగే నీళ్ళిచ్చాడు, ఎప్పటి మాటే చెప్పాడు. ఒక కుర్రాడు "కాకూ, మీ పేరేంటి, ఇంట్లో ఎందరు" అని బెంగాలీలో బాబాయ్ వరస కలిపి మర్యాదగా అడిగి, టాబ్లెట్ అద్దం మీద వేలితో సంతకం పెట్టించుకుని, తలుపు మీద ఒకటి అని అంకె వేసి వెళ్ళిపోయాడు. నోటీసు ఊసే లేదు. ఆ సాయంత్రం గోల్‌బజార్‌లో చేపలమ్ముకునే లైను మనిషి దోర్కా, అన్న మళ్ళీ గట్టెక్కించాడని, నాలుగు ముక్కలు వేయించి పంపింది కూడా.

దసరా పూజలైన వారానికి లిస్టు అంటించారు. తాల్‌బగీచాలో ఒక మేడ అద్దెకి తీసుకుని ప్రాజెక్టు వాళ్ళు పెట్టిన క్యాంపు ఆఫీసు గోడ మీద. లైనులోనే ఉంటూ ఆటో నడిపే బుజ్జిబాబు దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని, ఆటో ఆపీ ఆపకుండానే దూకి జగ్గారావు గుమ్మంలోకి వచ్చాడు.

"మావా, ఎవులి పేర్లున్నాయో వాల్లకి ఇల్లు కట్టి ఇస్తారంట. నీ పేరున్నాది."

"మరి మిగతావోల్లవి?"

"మిగతావోల్లవి పేర్లు కావు మావా. తాళం, తాళం, తాళం అని రాసినారు. ఇరవై రెండు తాళాలు. మనుసులు లేరంట. నెలాకరికి మిసను తెచ్చి పడగొట్టీస్తారంట."

బుజ్జిబాబు ఫోను తెర మీద ఇంకాస్త కిందికి జరిపి చూపించాడు.

"ఇది సూడు. ఒకటో నంబరు ఇంటాయన సెప్పినదాన్ని బట్టి ఇక్కడెవులూ కాపరం లేరు అని రాసినారు. కింద సంతకం ఎవులిది? నీదే గదేటి?"

"నోటీసు ఇయ్యడానికి వొచ్చినారనుకున్నానురా! ఎప్పుడూ సెప్పిందే సెప్పినాను."

"ఎప్పుడూ సెప్పిందే. కానీ ఇల్లు మటుకు నీకే వొచ్చింది" అన్నాడు బుజ్జిబాబు. అరవలేదు. అరిచినా బాగుండేది.

పొద్దు వాలేలోగా లైనంతా ఆ మాటే. జగ్గారావుకి సంగతి ముందే తెలుసట, తెలిసే ఊదాడట. కుళాయి దగ్గర హైమవతి బిందె పట్టుకుని నిలబడితే మిగతావాళ్ళు బిందెలు తీసుకుని పక్కకి తప్పుకున్నారు. హైమవతి జగ్గారావు భార్య. మోకాళ్ళ నొప్పులతో కుంటుతూ నడిచే మనిషి. ముప్పై ఏళ్ళుగా ఎవరింట పురుడైనా, చావైనా ముందు వెళ్ళింది ఆమే. అలాంటిది ఆ రోజు ఒంటరిగా నీళ్ళు పట్టుకుని వచ్చి, బిందె దించి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాటి నుంచి జగ్గారావు కాలు నిలవలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకోక ఏం చేస్తాడు? దోర్కా కాళ్ళావేళ్ళా పడి ఆమె రేషన్ కార్డు అడిగి పట్టుకెళ్ళాడు. దాని మీద ఆమె తమ్ముడి క్వార్టరు అడ్రసుంది. బుజ్జిబాబు ఓటరు కార్డు మీద అతని మేనత్తది. పిల్లల బడి కాగితాల్లోనూ క్వార్టర్లే. కరెంటు బిల్లులు లేనే లేవు, తీగకి కొక్కెం తగిలించుకునే వాళ్ళకి బిల్లెవరిస్తారు? గ్యాంగ్ లైను అన్న మాట ఎక్కడా పడకుండా చూసుకోమని ఇంటింటికీ వెళ్ళి నేర్పిన పెద్దమనిషి అతనే. ఇరవై రెండిళ్ళ కాగితాల్లో, ఆ ఇళ్ళలో మనుషులున్నారని చెప్పే ముక్క ఒక్కటి దొరకలేదు. అంత శుభ్రంగా నేర్పాడు.

క్యాంపు ఆఫీసులో ఇళ్ళు పోయేవాళ్ళ సంగతి చూసే అమ్మాయి పేరు శ్రీజ. తాల్‌బగీచాలోనే ఉండే తెలుగు టీచరు సరోజాదేవి కూతురు. మొదటి రోజు వింది. రెండో రోజూ వింది. మూడో రోజు అతను లోపలికి వస్తూనే నేల మీద కూలబడితే, లేచి వచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

"జగ్గారావుగారూ, సర్వే రోజు ఎవరు కనిపించారో వాళ్ళే లెక్క. ఆ తారీకు దాటాక కొత్త పేరు చేర్చే అధికారం నాకు లేదు, నా పైవాళ్ళకీ లేదు."

"తాళాలెనకాల మనుసులున్నారమ్మా. నా కల్లతో సూసినాను. కట్ట అవతల తుప్పల్లో కూకున్నారు, పసిపిల్లలతోటి. నానే పంపినాను."

శ్రీజ సొరుగులోంచి నిబంధనల పుస్తకం తీసి తిరగేసింది.

"ఒక్క దారి ఉంది. కానీ మీకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు."

"సెప్పు తల్లీ."

"సర్వేకి ఎవరైనా అడ్డుపడి తప్పుడు సమాచారం ఇచ్చినట్టు రుజువైతే, ఆ ఇళ్ళని మళ్ళీ ఒక్కసారి చూడొచ్చు. రుజువంటే ఆ మనిషే ఒప్పుకుని రాసివ్వాలి. అలా రాసిచ్చిన మనిషికి మాత్రం ఇక ఇల్లు రాదు. లిస్టులోంచి పేరు కొట్టేస్తారు. మళ్ళీ ఎక్కించరు."

జగ్గారావు తల ఊపాడు. "రాయమ్మా, సంతకం ఎడతాను."

"ఇప్పుడే వద్దండీ. ఇంటికి వెళ్ళి ఆవిడతో మాట్లాడి రేపు రండి."

ఆ సాయంత్రం హైమవతి మోకాళ్ళకి ఆవనూనె రాసుకుంటూ కూర్చుంది. అతను ఎదురుగా కూర్చుని, ఎలా మొదలుపెట్టాలా అని వెతుక్కుంటున్నాడు. ఆమే అందుకుంది.

"ఏటయ్యా, ఆ కొత్తిల్లలో కుళాయి లోపలే ఉంటాదంట, నిజవేనా?"

"అలగనే అన్నారు."

"లోపలే! పెళ్ళయి వొచ్చిన కాడ్నించి బిందె మొయ్యని రోజు లేదు నాకు. క్వార్టర్ల కాడా ఈదిలోనే కుళాయి." అని కాస్త నవ్వి, వెంటనే నవ్వినందుకు సిగ్గుపడ్డట్టు తల దించుకుంది. "సీ, ఏటి మాటలాడతన్నాను. ఆల్లందరినీ ఒగ్గీసి మనం ఎల్తామా ఏటి? అందరికీ ఒస్తేనే ఎల్దుము."

చెప్పడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు. అందరికీ వస్తుందే, మనకి తప్ప, అంటే సరిపోయేది. ఇరవై ఎనిమిదేళ్ళు వేళకి విజిల్ ఊదిన మనిషి, భార్య ముందు ఒక్క మాట వేళకి అనలేకపోయాడు. నా మటుకు నాకు అతని మీద జాలి కన్నా కోపమే ఎక్కువ.

మర్నాడు క్యాంపు ఆఫీసులో శ్రీజ "ఆవిడని అడిగారా?" అంది.

"అడిగినానమ్మా" అన్నాడు.

ఆమె టైపు చేసిన కాగితం తెలుగులో చదివి వినిపించింది. కావాలని విజిల్ ఊది మనుషుల్ని తప్పించినట్టు, ఎవరూ లేరని అబద్ధం చెప్పినట్టు, అందువల్ల తనకి రావలసిన ఇంటి మీద హక్కు వదులుకుంటున్నట్టు. జగ్గారావు మూడు కాపీల మీదా సంతకం పెట్టాడు. సోమవారం పొద్దున్న పదింటికి తనే వస్తానని, ఇళ్ళన్నీ తెరిచి ఉండాలని, మనుషులు లోపలే ఉండాలని, ఈసారి ఒక్క తాళం కనపడినా ఆ ఇంటికి ఇంక దారి లేదని శ్రీజ మరీమరీ చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం అతను లైను మధ్యలో నిలబడి అందరినీ పిలిచాడు. పదిమంది వచ్చారు, మిగతావాళ్ళు గుమ్మాల్లోంచి చూశారు. సోమవారం మళ్ళీ వచ్చి పేర్లు రాసుకుంటారని, తలుపులు తీసి ఇళ్ళలోనే ఉండమని చెప్పాడు, తన సంతకం ఊసు మాత్రం ఎత్తలేదు. ఎవరి మాట నమ్మి పదకొండేళ్ళు తాళాలు వేశారో, ఆ మనిషే ఇప్పుడు తీయమంటున్నాడు.

"మల్లీ ఏటి మావా ఇది?" అన్నాడు బుజ్జిబాబు. "తలుపులు తీసుకుని కూకుంటే ఏలిముద్రలు ఏయించుకుని ఖాళీ సేస్తామని రాయించుకుంటారు. నీ ఇల్లు కాయం సేసుకోడానికి మా సేత ఏలు ఏయిస్తావేటి? ఆ మాత్రం తెలీదనుకున్నావా?"

"అలగ కాదురా. నా మాట ఇను..."

"ఇన్నాము. ఇనే ఇక్కడికొచ్చినాము."

దోర్కా మాత్రం నెమ్మదిగా అంది. "అన్నా, నీ మీద నాకు కోపం లేదు. బయ్యం. మొగుడు పోయినోల్లం, పిల్లలున్నోల్లం. నానైతే రేపు తాళం ఏసుకుని మా తమ్ముడింటికి ఎల్లిపోతాను. తాళం సేత ఏలిముద్ర ఏయించలేరు కదా."

జగ్గారావు ఆమె వైపు ఒక అడుగు వేశాడు. తాళాలు పడితే అంతా అయిపోయినట్టే, తను వదులుకున్నదీ బూడిదలో పోసిన పన్నీరే. ఇక దాచి లాభం లేదు, నా పేరు కొట్టించుకుని వచ్చానర్రా అని అందరి ముందూ చెప్పేద్దామని నోరు తెరిచాడు. అతనికన్నా ముందు, కుంటుకుంటూ హైమవతి గుంపు మధ్యలోకి వచ్చింది.

"ఓలె దోర్కా, ఇటు సూడు. నాను ఎప్పుడైనా మీకు అబద్దమాడినానా? సెప్పండే!" అంది. ఎవరూ ఆడావని అనలేదు. "మా పేరు పక్కన మీ పేర్లు కూడా రాయించడానికే మీ అన్న ఆపీసు సుట్టూ తిరిగి సెప్పులరగ్గొట్టుకున్నాడు. రేపు లైనంతా మల్లీ కొత్తగా రాస్తారు గదా, ముందర మీ అందరివీ రాయించుకోండి. మీ ఆకరి ఇల్లయినాకే నాను నా కార్డు సూపిస్తాను. మీలో ఒక్కలకి రాకపోయినా మాదీ ఒద్దని ఆ కాయితం సింపీస్తాను. నా మీద ఒట్టు, నన్ను కన్న మా బాబు మీద ఒట్టు."

గుంపులో గాలి మారింది. హైమత్త చెప్పిందంటే అది వేరు. దోర్కా కళ్ళు తుడుచుకుంది. బుజ్జిబాబు నేల వైపు చూస్తూ "నువ్వు సెప్పినావు కాబట్టి అత్తా" అన్నాడు. అడకత్తెరలో పోకచెక్కలా జగ్గారావు మధ్యలో నిలబడి ఉన్నాడు. ఇప్పుడు నిజం చెప్తే ఆమె మాట అక్కడికక్కడే అబద్ధమవుతుంది, రేపు ఇరవై రెండు తాళాలూ పడతాయి. తెరిచిన నోరు మూసుకున్నాడు.

సోమవారం గ్యాంగ్ లైనులో తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. పిల్లలకి తలలు దువ్వి ఉతికిన బట్టలు తొడిగారు. మగవాళ్ళు పనులు మానేశారు. శ్రీజ ఇద్దరు కుర్రాళ్ళతో రెండో నంబరు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ఇంట్లోకీ వెళ్ళింది. పొయ్యి, మంచం, దేవుడి పటం, సిలువ, బొగ్గుతో గోడ మీద పిల్లల ఎత్తులు కొలిచిన గీతలు, అన్నీ ఫొటో తీయించింది. బుజ్జిబాబు కూతుర్ని భుజాల మీద ఎత్తుకుని ఫొటోకి నిలబడ్డాడు. పేరు చెప్పమంటే దోర్కా రెండుసార్లు చెప్పింది. ప్రభుత్వం మనిషెవరైనా ఆ ఇంట్లో నిలబడి ఆమె పేరు అడగడం అదే మొదటిసారి.

జగ్గారావు వెంటే తిరిగాడు. ఒక్కో తలుపు మీదా అంకె పడుతుంటే అతని ఛాతీలోంచి ఒక్కో బండరాయి దిగుతోంది. ఏడు, పదకొండు, పద్ధెనిమిది. ఇరవై మూడో అంకె పడేసరికి ఒంటిగంట దాటింది. లైనంతా ఒక్కసారిగా కేకలు వేసింది. ఎవరో అతన్ని కావలించుకున్నారు. అప్పుడు నిజంగా సంతోషించాడు, ఒక్క నిమిషం పాటు ఏమీ గుర్తురాలేదు.

శ్రీజ టాబ్లెట్ సంచిలో పెట్టుకుని బండి వైపు నడుస్తోంది. ఒకటో నంబరు గుమ్మంలో హైమవతి నిలబడి ఉంది. తలంటుకుంది. పెట్టెలోంచి తీసిన నీలం చీర కట్టుకుంది. తమ ఓటరు కార్డులు రెండూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి రెండు చేతులా పట్టుకుంది. పొద్దుట్నుంచీ కూర్చోలేదు.

"తల్లీ, మాది మిగిలిపోనాది" అంది.

శ్రీజ ఆగిపోయింది. జగ్గారావు వైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. "ఆవిడని అడిగానన్నారు కదండీ" అని చాలా మెల్లగా అంది. ఆ తర్వాత హైమవతి చెయ్యి ఒకసారి పట్టుకుని, వదిలి, బండెక్కింది.

బండి కదిలాక అతను చెప్పాడు. రెండే మాటలు. మన పేరు కొట్టించీసినాను, అదే ఆల్ల పేర్లకి దారి.

హైమవతి చాలాసేపు కవరులోని కార్డుల్నే చూసింది. అరుస్తుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"ఇల్లు పోనాదని కాదయ్యా" అంది చివరికి. "నన్నడిగితే నానే ఎట్టుదును ఆ సంతకం, నీకంటే ముందు. అడగలేదు. అందరి ముందరా మా బాబు మీద ఒట్టేయించి నాసేత అబద్దమాడించినావు. పక్కనే నిలబడి ఇన్నావు."

నెలాఖరుకి మిషను వస్తుంది. ఇరవై రెండు కుటుంబాలు సామాను కట్టుకుంటాయి. వీళ్ళిద్దరూ ఎక్కడికి వెళ్ళాలో అతనికి తెలియదు, ఆ ఆలోచన కూడా ఇప్పటిదాకా రాలేదు.

అంతలో బుజ్జిబాబు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం. వచ్చీ రాగానే జగ్గారావు కాళ్ళకి దణ్ణం పెట్టి, ఒక సందేశ్ ముక్క తీసి హైమవతి చేతిలో పెట్టాడు.

"తిను అత్తా! ముందర నువ్వు తినాల. అవును గానీ, మీది రాసినారా?"

చెప్తే ఈ పూట లైనులో ఒక్క ఇంట్లో కూడా మెతుకు ముట్టరని ఆమెకి తెలుసు. కాగితం చింపేస్తానన్న తన ఒట్టు పట్టుకుని, తమకీ వద్దని వాళ్ళూ తమ కాగితాలు చింపేస్తారనీ తెలుసు.

హైమవతి బుజ్జిబాబు కళ్ళలోకి చూసింది.

"రాసినారురా" అని, మిఠాయి నోట్లో వేసుకుంది.